తెల్లగడ్డ తవ్వే అదును – పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

కార్తిక మాసపు వానలు వెనుకబట్టాక పెరట్లో నాటుకున్న తెల్లగడ్డలు (వెల్లుల్లి) ఇప్పుడు చేతికొచ్చే దశలో ఉన్నాయి. అందుకే నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వాటి గురించే ఉన్నాయి. ఒకే సంగతిని పలువురు అడిగిన చోట ఒక ఉత్తరాన్ని మాత్రమే తీసుకుని, మిగిలినవారికి పనికొచ్చే వివరాలను ఆ సమాధానంలోనే చేర్చాము.

ప్రశ్న: ఇంటి వెనుక చిన్న మడిలోనూ, మేడ మీద గ్రోబ్యాగుల్లోనూ నవంబరు చివరి వారంలో తెల్లగడ్డ రెబ్బలు నాటాను. విత్తనం కిరాణా కొట్లో కొన్నదే. ఇప్పుడు మార్చి మూడో వారం నడుస్తోంది. కింది ఆకులు రెండు మూడు ఎండిపోయాయి, పైవి పచ్చగానే ఉన్నాయి. ఎర్రగడ్డ (ఉల్లిపాయ) మాదిరిగా కాడ వాలి పడుకున్న తరువాతే తవ్వాలని మా అత్తగారు అంటున్నారు. నాలుగు నెలలు నిండితే చాలు, రోజులు లెక్క చూసి తవ్వేయమని పక్కింటివారు చెబుతున్నారు. ఎవరి మాట ప్రకారం నడుచుకోవాలి?
– ఒక గృహిణి, కావలి

జవాబు: ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది గానీ, ఏ ఒక్కదాన్నీ పట్టుకుని గునపం ఎత్తడం మంచిది కాదు. ముందు రోజుల లెక్క సంగతి చూద్దాం. పూణె దగ్గర రాజ్‌గురునగర్‌లో ఉన్న జాతీయ ఉల్లి, వెల్లుల్లి పరిశోధన సంస్థ విడుదల చేసిన భీమా ఓంకార్, భీమా పర్పుల్ రకాలు 120 నుంచి 135 రోజుల్లో తయారవుతాయి. ఉత్తరాది మైదానాల్లో వేసే యమునా సఫేద్-3 రకానికి 140 నుంచి 150 రోజులు పడుతుంది. మీరు నాటింది కొట్లో కొన్న గడ్డ కనుక అది ఏ రకమో చెప్పే వీలు లేదు. మన కొట్లకు వచ్చే సరుకులో అధిక భాగం మధ్యప్రదేశ్, రాజస్థాన్, గుజరాత్‌ల నుంచి దిగేదే. అక్కడి లెక్క అక్కడి చలికి సరిపోయేది. చల్లని రోజుల్లో ఆకు పెంచుకుని, పగటి పొద్దు పెరిగి ఎండ ముదురుతున్నప్పుడు గడ్డ ఊరడం ఈ మొక్క స్వభావం. మన వైపు చలి తక్కువ, అది ఉండేదీ కొద్ది వారాలే. శివరాత్రి దాటగానే ఎండ మొదలై, గడ్డ ఊరే కాలాన్ని కుదించేస్తుంది. ఇక ముందుగా నాటుకుందామంటే అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలకు, తుపానులకు రెబ్బలు మడిలోనే కుళ్లిపోతాయి. ముందు వాన, వెనుక ఎండ ఉన్న మన జిల్లాల్లో తెల్లగడ్డకు దక్కేది ఆ మధ్యనున్న ఇరుకు సమయం మాత్రమే. అనూరాధ కార్తెలో నాటిన మీ మడికి ఉత్తరాభాద్ర, రేవతి కార్తెల్లో, అంటే మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య లోపల, అదును రావచ్చునని అనుకోవచ్చు. క్యాలెండరు చేయగలిగిన పని అంతవరకే: ఏ వారం నుంచి మొక్కను కనిపెట్టుకుని ఉండాలో అది చెబుతుంది, ఏ రోజు తవ్వాలో చెప్పదు.

మీ అత్తగారి మాట ఎర్రగడ్డ విషయంలో నూటికి నూరుపాళ్లూ సరైనది. ఎర్రగడ్డ ఊరడం పూర్తయ్యాక కొత్త ఆకు పుట్టదు, మెడ లోపల బోలుగా మారి మెత్తబడుతుంది, కాడ తనంతట తానే వాలిపోతుంది. తెల్లగడ్డ కాడలో ఆకుల తొడుగులు ఒకదానిలో ఒకటి గట్టిగా ఇమిడి ఉంటాయి కాబట్టి, లోపల రెబ్బలు పూర్తిగా తయారైన తరువాత కూడా అది చాలా రోజులు నిటారుగా నిలబడి ఉండగలదు. అన్ని కాడలూ పడిపోయేదాకా చూస్తూ కూర్చుంటే, అప్పటికి మట్టిలో గడ్డలు విచ్చుకుపోయే ప్రమాదం ఉంది. మరోవైపు గట్టి గాలికో, యూరియా ఎక్కువై కాడ మెత్తబడినందుకో పచ్చి మొక్కలు కూడా పడిపోతాయి. కాబట్టి తెల్లగడ్డ విషయంలో కాడ పడిందా లేదా అన్నది రెండో సాక్ష్యమే గాని మొదటి సాక్ష్యం కాదు.

మొదటి సాక్ష్యం ఆకు. తెల్లగడ్డ మొక్కలో ప్రతి ఆకు అడుగు భాగమూ తొడుగులా కిందికి దిగి గడ్డను చుట్టుకుని ఉంటుంది. మనం గడ్డ మీద చూసే తెల్లటి పొరలన్నీ ఆ తొడుగులే. పైన ఒక ఆకు ఎండిందంటే, కింద మట్టిలో దానికి సంబంధించిన పొర కూడా ఎండి, తేమ తగిలితే కుళ్లడం మొదలుపెట్టిందని అర్థం. అట్టడుగు ఆకు అన్నిటికన్నా వెలుపలి పొర, దాని పై ఆకు దాని లోపలి పొర, ఆ వరుసనే లోపలికి వెళుతుంది. ఇది తెలిస్తే పచ్చని ఆకులను లెక్కపెట్టడం ఎందుకో తెలుస్తుంది: తవ్వే రోజున ఎన్ని ఆకులు పచ్చగా ఉంటే, గడ్డ మీద సుమారు అన్ని పొరలు చెక్కుచెదరకుండా ఉన్నట్టు. మన వైపు బాగా పెరిగిన మొక్కకు ఏడెనిమిది ఆకులు ఉంటాయి. వాటిలో కింది మూడు నాలుగు పూర్తిగా ఎండి, పైన నాలుగు ఆకులు కొనలు పసుపు తిరిగినా ఇంకా పచ్చదనంతో ఉన్న సమయమే పెరటి మడికి తగిన అదును. ఆకులన్నీ పండి వంగేదాకా పెద్ద కమతాల రైతులు ఆగుతారన్నది నిజమే, కానీ వారు తడులు ఆపేసి పొలమంతా ఆరబెట్టి ఉంచుతారు. పక్కనే కరివేపాకు చెట్టుకూ, మల్లె పాదుకూ రోజూ నీళ్లు పారే పెరట్లో అంతవరకు ఆగితే పొరలు నిలవవు.

ఆకు చూసి ఒక అంచనాకు వచ్చాక, తీర్పు చెప్పేది కత్తి. ముందుగా ఒక మొక్క మొదట్లో మట్టిని వేలితో తప్పించి గడ్డను తడిమి చూడండి. నున్నగా, గుండ్రంగా, మెడ నుంచి సాఫీగా దిగినట్టుగా ఉంటే ఇంకా సమయం ఉంది. రెబ్బల మధ్య పల్లాలు వేలికి స్పష్టంగా తగిలితే ఆ మొక్కను తవ్వి తీసి, గడ్డను నిలువుగా కాకుండా అడ్డంగా, నడుము దగ్గర కోయండి. కోసిన ముఖం ఒకే తెల్లటి ముద్దలా కనిపించి, రెబ్బల మధ్య గీతలు లీలగా మాత్రమే ఉండి, రెబ్బల చుట్టూ ఉన్న పొట్టు మందంగా, రసంతో తడితడిగా ఉంటే అది పచ్చిది. రెబ్బలు వేటికవి విడిగా, తమ పొట్టు నిండా బిగువుగా ఉండి, వాటి మీది పొట్టు పలచబడి గోటితో లాగితే చిన్న ముక్కలుగా చిరిగేలా ఉండి, నడుమనున్న కాడ సన్నబడి ఉంటే అదును వచ్చింది. రెబ్బలు నడిమి కాడను వదిలి బయటికి వాలి, పై పొర అక్కడక్కడా చినిగి, రెబ్బ మొదట్లో మట్టి చేరి ఉంటే అదును దాటింది. మడి ఒక మూల నీడలో, ఇంకో మూల ఎండలో ఉంటుంది కనుక రెండు చోట్ల నుంచి చెరొక గడ్డ కోసి చూడటం మేలు. కోసిన గడ్డ వృథా పోదు, ఆ పూట చారులోకి వేసుకోవచ్చు.

పచ్చిగా తీస్తే నష్టమా, ఆలస్యంగా తీస్తే నష్టమా అని ఇద్దరు ముగ్గురు పాఠకులు వేరుగా అడిగారు. మరీ పచ్చిగా తీసిన గడ్డ ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, రెబ్బలు సన్నగా మిగులుతాయి, నిలవ ఉండదు. అయినా నాలుగైదు రోజులు ముందు తీసినందువల్ల పోయేది కొంత బరువు మాత్రమే. నాలుగైదు రోజులు ఆలస్యమై, అందులోనూ ఒక వాన పడితే గడ్డ విచ్చుకుంటుంది, విచ్చుకున్నదాన్ని మళ్లీ మూయలేము. అందువల్ల సందేహం మిగిలినప్పుడు కాస్త ముందు తీయమనే మా సలహా.

మేడ మీది గ్రోబ్యాగులను మడితో కలిపి లెక్కించకండి. కాంక్రీటు వేడికి సంచిలోని మట్టి త్వరగా కాగి, వేళ్లు ముందే అలసిపోతాయి కాబట్టి, అవి సాధారణంగా మడికంటే ముందే పండుబారతాయి. వాటిని వేరుగా కోసి చూసి, వేరుగా తీయండి. తీసేటప్పుడు కాడ పట్టి లాగవద్దు. మెడ తెగిపోతే ఆ గాయం గుండానే కుళ్లు దిగుతుంది. గడ్డకు జానెడు దూరంలో బొరిగె గుచ్చి, అడుగు నుంచి మట్టిని వదులు చేసి, చేత్తో ఎత్తి, అంటిన మన్ను వేళ్లతో దులపాలి. ఒకదానికొకటి కొట్టి దులిపితే దెబ్బ అప్పుడు కనిపించదు గానీ, నెల తిరిగేసరికి అక్కడే గోధుమ రంగు మచ్చ తేలుతుంది.

ప్రశ్న: మాది నల్లరేగడి. డిసెంబరు మొదట్లో నాటిన తెల్లగడ్డకు డెబ్బై అయిదు రోజులకే ఆకులు పసుపు తిరిగి కొనలు ఎండిపోయాయి. తొందరగా పండిందనుకుని రెండు మొక్కలు పీకితే, కింద ఉల్లికాడకు ఉన్నంత గడ్డ కూడా లేదు. మిగిలినవాటిని ఏం చేయాలి?
– ఒక రైతు, దర్శి

జవాబు: మీ మొక్కలు పండలేదు, జబ్బుపడ్డాయి. పండిన పసుపుకూ, రోగపు పసుపుకూ తేడాను వరుసను బట్టి పట్టుకోవచ్చు. పండేటప్పుడు ఆకులు అడుగు నుంచి పైకి, ఒకదాని తరువాత ఒకటిగా, కొన నుంచి మొదలు దాకా శుభ్రంగా ఎండుతూ వస్తాయి, నడిమి ఆకు చివరిదాకా పచ్చగానే ఉంటుంది. అలా కాక, లేత ఆకులతో సహా అన్నీ ఒకేసారి వెలిసిపోతే, లేదా కొనలు మాత్రమే కాలినట్టు అయితే, కారణం వేరే చోట వెతకాలి.

ఫిబ్రవరిలో ఈ పంటకు మొట్టమొదట అనుమానించవలసింది తామర పురుగులను. నడిమి ఆకును మెల్లగా విప్పి, ఆకు కాడకు అతుక్కునే మూలలో చూడండి. నూలుపోగు ముక్కల్లాంటి లేత పసుపు పురుగులు కదులుతూ కనిపిస్తాయి. అవి గీకి రసం పీల్చిన చోట వెండి రంగు చారలు పడి, ఆకు మెలి తిరిగి, కొన నుంచి ఎండుతుంది. పెరటి స్థాయిలో అయితే నీటిని గట్టిగా చిమ్మి కడగడం, ఆ తరువాత లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకు మూలల్లోకి దిగేలా వారానికొకసారి చల్లడం చాలును. ఆకుల మీద మధ్యలో ఊదా రంగు, చుట్టూ పసుపు అంచు ఉన్న కోల మచ్చలు కనిపిస్తే అది శిలీంధ్రపు తెగులు. ఆ ఆకులను తుంచి దూరంగా పారేసి, నీళ్లు ఆకుల మీద కాకుండా మొదట్లోనే పోయాలి.

రేగడి నేలలో మూడో కారణం నీరు నిలవడం. ఈ పంట వేళ్లు లోతుకు పోవు, పైపైనే ఉంటాయి కాబట్టి రెండు రోజులు తడి ఆరకపోయినా వేరు ఊపిరాడక ఆకు పసుపు తిరుగుతుంది. తడికీ తడికీ మధ్య నేల పై అంగుళం పొడిబారనివ్వండి, వచ్చే ఏడు చదును మడిలో కాకుండా ఎత్తు బోదెల మీద నాటండి. మీ మొక్కలు కోలుకుంటే ఏప్రిల్ రెండో వారం దాకా ఉంచవచ్చు. గడ్డ కొంత చిన్నదే అవుతుంది. ఇప్పుడు కంగారుపడి యూరియా వేయవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాము, ఎందుకో కింది సమాధానంలో ఉంది.

ప్రశ్న: తవ్వడానికి ఎన్నాళ్ల ముందు నీళ్లు ఆపాలి? నిరుడు ఆపకుండా పోశాము, పైగా తవ్వే ముందు వారం ఒక వాన పడింది. గడ్డల్లో సగం పక్కలకు చీలి, రెబ్బల నుంచి పచ్చటి మొలకలు కాడ చుట్టూ పొడుచుకొచ్చాయి. ఇది విత్తనం లోపమా?
– ఒక పాఠకుడు, కోవూరు

జవాబు: విత్తనం లోపం కాదు. తవ్వే రోజుకు పది నుంచి పదిహేను రోజుల ముందు నీళ్లు ఆపివేయాలి. కోవూరు లాంటి వరి మాగాణి మధ్యనున్న పెరళ్లలో నేల అడుగున తేమ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి పదిహేను రోజులే మంచిది. ఇసుక నేలకు వారం, పది రోజులు చాలు. రేగడిలో మాత్రం మరీ ఆరబెడితే నేల రాయిలా బిగుసుకుని గడ్డ చుట్టూ పగుళ్లు వేస్తుంది కనుక, పిడికిట పట్టిన మట్టి ఇంకా పొడిపొడిగా విడిపోతున్న సమయంలోనే తీసేయాలి.

రెబ్బలు తయారయ్యాక మళ్లీ తడి తగిలితే, నిద్రలోకి జారవలసిన రెబ్బ పెరగడానికే మొగ్గు చూపుతుంది. లోపలి నుంచి రెబ్బ ఉబ్బి, అప్పటికే ఎండి బలహీనపడిన పై పొరను చీలుస్తుంది. ఈ గుణాన్ని ఇంకా పెంచేది ఆలస్యంగా వేసిన నత్రజని. యూరియా అయినా, కోళ్ల ఎరువు అయినా, చిక్కటి పేడనీళ్లు అయినా, వేయదలచుకున్నదంతా నాటిన 45 రోజుల లోపల రెండు మూడు దఫాలుగా ముగించాలి. 60 రోజులు దాటాక వేసిన నత్రజని గడ్డకు చేరక ఆకును లావు చేస్తుంది, మెడను మందం చేస్తుంది, చివరికి మీరు చూసినట్టు కాడ చుట్టూ పిల్ల మొలకలను తెస్తుంది. అటువంటి గడ్డలు తినడానికి పనికొస్తాయి గానీ నిలవకు పనికిరావు. వాటిని వేరు చేసి ముందుగా వాడేసుకోండి.

వాన మన చేతిలో లేదు. వాన వచ్చే సూచన ఉన్నప్పుడు కింది మూడు ఆకులు ఎండి ఉంటే, అదును పూర్తిగా రాకపోయినా, ముందు రోజే తీసి నీడకు చేర్చడం వివేకం. వాన పడిన తరువాత తవ్వవలసి వస్తే, మట్టి చేతికి అంటనంతగా ఆరేదాకా రెండు రోజులు ఆగి తీయండి. అంతకు మించి ఆగవద్దు.

ప్రశ్న: ఇసుక నేలలో డిసెంబరు ఆఖరున నాటాను. ఆకులు ఎండాయని తవ్వితే ఒక్క గడ్డలోనూ రెబ్బలు విడిపోలేదు. ప్రతి మొక్క కిందా చిన్న ఉల్లిపాయలాగా ఒంటి రెబ్బే ఉంది. ముందే తవ్వేశానా? మళ్లీ మట్టిలో పెడితే రెబ్బలు విడిపోతాయా?
– ఒక పాఠకురాలు, అల్లూరు

జవాబు: మీరు ముందు తవ్వలేదు. ఆకులు ఎండిపోయాక అది మట్టిలో ఇంకో నెల ఉన్నా విడిపోయేది కాదు. రెబ్బలుగా విడిపోవాలా వద్దా అన్నది మొక్క చాలా ముందుగానే తేల్చుకుంటుంది. అందుకు దానికి తగినన్ని ఆకులూ, తగినంత చలీ రెండూ కావాలి. డిసెంబరు ఆఖరున నాటిన రెబ్బ మొలిచి నిలదొక్కుకునేసరికి జనవరి గడిచిపోయింది, అందిన చలి సరిపోలేదు, మూడు నాలుగు ఆకులు వచ్చేసరికి ఎండ ముదిరి మొక్కను గడ్డ కట్టమని తొందరపెట్టింది. గడ్డ నడుమ ఉండే సన్న రెబ్బలను నాటినా ఇదే జరుగుతుంది. అందుకే గడ్డ విప్పాక వెలుపలి వరుసలోని లావు రెబ్బలనే విత్తనానికి ఉంచుకుని, సన్నవాటిని వంటింటికి పంపమంటారు. హిమాచల్‌, ఉత్తరాఖండ్ కొండల్లో పండే లావు రెబ్బల రకాలు ఈ మధ్య మన పట్టణాల్లోనూ అమ్ముతున్నారు. వాటికి మన చలీ చాలదు, మన పగటి పొద్దూ చాలదు కాబట్టి, చూడటానికి ఎంత ముచ్చటగా ఉన్నా నాటవద్దు.

ఒంటి రెబ్బ గడ్డ తినడానికి ఏ లోటూ లేనిది, ఒలవడం కూడా సులువే. ఇప్పుడే మళ్లీ మట్టిలో పెడితే నిద్రలో ఉండి మొలవదు, ఈ ఎండకు కాగి చెడిపోతుంది. నీడలో ఆరబెట్టి దాచి, వాటిలో పెద్దవి ఏరి నవంబరు చివరలో, వానలు తగ్గాక నాటండి. ఎక్కువ ఆహారం దాచుకున్న విత్తనం కాబట్టి, సకాలంలో నాటితే వచ్చే ఏడు చక్కగా రెబ్బలు విడిన గడ్డలనిస్తుంది. మీ ఊరు సముద్రానికి దగ్గర కనుక ఇంకొక మాట. బోరు నీరు నాలుకకు ఉప్పగా తగిలేలా ఉంటే ఆకు కొనలు ముందుగానే కాలుతాయి, వాటిని చూసి పండిందని పొరబడవద్దు.

ప్రశ్న: నిరుడు ఏప్రిల్‌లో తవ్విన గడ్డలను బాగా ఎండాలని మిద్దె మీద నాలుగు రోజులు పరిచాము. నెల తరువాత ఒలిస్తే రెబ్బలు మైనం ముద్దల్లా, తేనె రంగులో, జిగటగా మారిపోయాయి. పై పొట్టు మాత్రం శుభ్రంగానే ఉంది. ఇది ఏ తెగులు?
– ఒక ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: ఇది తెగులు కాదు, ఎండదెబ్బ. తవ్వే సమయంలోనూ, ఆరబెట్టేటప్పుడూ అతివేడి తగిలితే రెబ్బ లోపలి కండ చచ్చి, నీరు పోయి, పారదర్శకమైన మైనంలా మారుతుంది. బయట ఏ గుర్తూ ఉండదు కనుక ఒలిచేదాకా తెలియదు. ఏప్రిల్ ఎండలో మిద్దె కాంక్రీటు మీద అరికాలు పెట్టలేము. దాని మీద నాలుగు రోజులు పడుకోబెట్టిన గడ్డ ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. మిరపకాయలకు పనికొచ్చిన పద్ధతి తెల్లగడ్డకు పనికిరాదు. మిరపకాయను ఎండబెడతాము, తెల్లగడ్డను ఆరబెడతాము.

పొద్దున మంచు ఆరాక తవ్వి, ఆకులతో సహా మడిలోనే వరుసగా పరిచి, ఒక వరుస గడ్డలను తరువాతి వరుస ఆకులు కప్పేలా వాల్చడం పొలాల్లో చేసే పద్ధతి. చలి ప్రాంతాల్లో అలా రెండు మూడు రోజులు ఉంచుతారు గానీ, మన ఎండకు ఒక్క పూట చాలు. ఆ తరువాత వసారాలోకో, గాలి ఆడే పశువుల పాకలోకో, కొష్టంలోకో చేర్చి, పది పన్నెండు మొక్కలను ఒక కట్టగా కట్టి దూలానికి వేలాడదీయండి. ఆకులు కత్తిరించవద్దు, వేళ్లు కోయవద్దు, కడగవద్దు. రెండు మూడు వారాల్లో ఆరడం పూర్తవుతుంది. పూర్తయిందీ లేనిదీ మెడ దగ్గర తెలుస్తుంది. గడ్డకు కాస్త పైన కాడను బొటనవేలితో నొక్కి తిప్పితే లోపల ఏ మాత్రం జారుడు, చెమ్మ తగలకూడదు. వేళ్లు పుటుక్కున విరగాలి, పై పొర చేతిలో గరగరలాడాలి. అప్పుడు మెడను రెండు సెంటీమీటర్లు వదిలి కోసి, వేళ్లను కురచగా కత్తిరించుకోవచ్చు. కోయకుండా జడలా అల్లి వేలాడదీసినా మంచిదే, అందానికి అందం, గాలికి గాలి.

ఆవకాయ వేళకు కొత్త తెల్లగడ్డ అందాలనుకునేవారు ఆరడానికి పట్టే ఈ మూడు వారాలను కూడా లెక్కలో పెట్టుకోవాలి. ఊరగాయలో పచ్చి గడ్డ వేస్తే దానిలోని నీరు ఊరగాయకు చేటు చేస్తుంది.

ప్రశ్న: ఆరిన గడ్డలను ఫ్రిజ్‌లో పెడితే ఎక్కువ కాలం ఉంటాయా? వచ్చే ఏడు విత్తనానికి ఎలా దాచుకోవాలి?
– ఒక పాఠకురాలు, ఆత్మకూరు

జవాబు: వంటకు దాచుకునే గడ్డలను ఫ్రిజ్‌లో పెట్టవద్దు. శీతల గిడ్డంగుల్లో సున్నా డిగ్రీల దగ్గర పెడితే తెల్లగడ్డ నెలల తరబడి నిద్రపోతుంది. మన ఫ్రిజ్‌లో ఉండే అయిదు నుంచి పది డిగ్రీల చలి మాత్రం శీతాకాలం గడిచిందని దాన్ని నమ్మించి నిద్ర లేపుతుంది, బయటికి తీసిన కొద్ది రోజులకే మొలకలు వస్తాయి. మన ఇళ్ల మామూలు వేడిలో, పొడి గాలిలో, జల్లి సంచుల్లోనో వెదురు బుట్టల్లోనో వదులుగా పోసిన గడ్డలు నాలుగైదు నెలలు బాగుంటాయి. ప్లాస్టిక్ కవరులో, మూత బిగించిన డబ్బాలో బూజు పడతాయి. ఎర్రగడ్డలూ తెల్లగడ్డలూ పక్కపక్కన ఉన్నా ఫరవాలేదు గానీ, తేమ వదిలే బంగాళదుంపల బుట్టలో వేయవద్దు.

విత్తనానికి బిగువుగా, పొర చినగకుండా, రెబ్బలు లావుగా ఉన్న గడ్డలను తవ్విన రోజునే ఏరి వేరుగా కట్టండి. వంటకు వాడుతూ పోతే చివరికి మిగిలేవి సన్నవే కాబట్టి, మిగిలినవాటిని విత్తనం చేద్దామనుకోవడం ఏటేటా గడ్డ చిన్నదవడానికి దారి. రెబ్బలను నాటే ముందు రోజు దాకా విప్పవద్దు. వంటకు చేటైన ఫ్రిజ్ చలి విత్తనానికి మాత్రం మేలు చేస్తుంది. నాటడానికి నాలుగైదు వారాల ముందు, అంటే అక్టోబరు మూడో వారంలో, విత్తనపు గడ్డలను కాగితం సంచిలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచి, వానలు తగ్గాక నేరుగా మడికి తీసుకుపోండి. మన జనవరి ఇవ్వలేని చలిలో కొంత భాగం అలా ముందే అందుతుంది, రెబ్బలు విడిపోవడం మెరుగవుతుంది.

ప్రశ్న: మా పెరటి తెల్లగడ్డను అల్లంతో నూరి, నిమ్మరసం పిండి సీసాలో పెడితే మర్నాటికి నీలి ఆకుపచ్చగా మారింది. పారేశాము. విషమేమో అని భయపడ్డాము.
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఆ రంగు విషం కాదు. తెల్లగడ్డను నలిపినప్పుడు పుట్టే గంధకపు పదార్థాలు దానిలోనే ఉన్న అమైనో ఆమ్లాలతో కలిసి, పులుపు తగిలినప్పుడు ఈ రంగును ఇస్తాయి. పూర్తిగా ఆరని కొత్త గడ్డల్లోనూ, ఫ్రిజ్ చలి తగిలిన గడ్డల్లోనూ ఇది ఎక్కువ. రుచికీ, ఆరోగ్యానికీ హాని లేదు, కూరలో వేసుకోవచ్చు. జాగ్రత్త పడవలసింది వేరే చోట ఉంది. ఒలిచిన పచ్చి రెబ్బలను నూనెలో ముంచి సీసాను వంటింటి గట్టు మీద రోజుల తరబడి ఉంచడం ప్రమాదకరం. గాలి ఆడని ఆ నూనెలో, ఏ రంగూ వాసనా తేలకుండానే, బొటులిజం అనే ప్రమాదకరమైన విషాహార జబ్బును కలిగించే సూక్ష్మజీవి పెరిగి విషం చేయగలదు. అలాంటి నూనెను ఏ పూటకు ఆ పూట చేసుకోవాలి, మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో ముగించాలి.